అనంతపురంలో ఉబుంటు అప్‌గ్రేడ్ సేవ: మొదటిసారి సగం పనే

అనంతపురం సప్తగిరి సర్కిల్ సమీపంలోని ఒక కంప్యూటర్ దుకాణంలో మా అంగడి లెక్కల ల్యాప్‌టాప్‌ను ఉబుంటు (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ నుండి 24.04కు మార్పించాను. వైఫై, ప్రింటర్, తెలుగు కీబోర్డు చక్కగా పనిచేయడం చూపించి, "అంతా సరిగ్గా ఉంది సార్, తీసుకుపోండి" అన్నారు.

చిక్కు మరునాడు బయటపడింది. 22.04లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 3.10 వెర్షన్ ఉండగా 24.04లో 3.12 వస్తుంది, మా బిల్లుల ప్రోగ్రామ్‌కు ఆధారమైన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రోగ్రామ్‌కు కావలసిన పైథాన్ మాడ్యూళ్లను విడిగా ఉంచే చోటు) మాత్రం తొలగిపోయిన 3.10నే వెతుక్కుంటూ ఉండడం వల్ల ఎంత ప్రయత్నించినా ఆ ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. పిప్‌తో (పైథాన్ మాడ్యూళ్లను వేసే సాధనం) నేరుగా మాడ్యూళ్లు వేయబోతే సిస్టమ్ ఒప్పుకోలేదు. ఇది లోపం కాదు. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను వేసి తీసే ఆప్ట్ అనే సాధనం చూసుకునే ఫైళ్లను పిప్ కదిలించకుండా కావాలనే పెట్టిన కట్టడి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సంగతి మరీ విచిత్రం: పాత 14, కొత్త 16 పక్కపక్కనే నడుస్తున్నాయి, డేటా అంతా 14లోనే ఉంది, 16 మాత్రం పోర్టు 5433 (ప్రోగ్రామ్‌లు దాన్ని చేరుకునే సంఖ్య) మీద ఖాళీగా కూర్చుంది.

అప్‌గ్రేడ్ సమయంలో బయటి రిపాజిటరీలు (ఉబుంటువి కాని సాఫ్ట్‌వేర్ భాండాగారాలు) నిలిచిపోతాయి కనుక, వాటి నుండి వచ్చిన ప్యాకేజీలు పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయే అవకాశం ఉందని, ఏ రిపాజిటరీలోనూ లేకుండా మిగిలినవాటి జాబితాను ఆప్ట్ ద్వారానే తీసి చూడవచ్చని దుకాణంవారికి తెలియకపోదు. చూడలేదు, అంతే.

తిరిగి వెళ్లినప్పుడు వాదించకుండా, నా ఎదుటే కొత్త ఎన్విరాన్‌మెంట్ సృష్టించి, డేటాను 16లోకి మార్చి ఇచ్చారు. రెండోసారి రుసుము తీసుకోలేదు. అయితే ఈలోగా రెండు రోజుల బిల్లులను చేతితో రాసుకోవలసి వచ్చింది.