హబ్ మోటార్ పెట్టించుకునేవాళ్లు ముందు ఫోర్కు గాడి చూసుకోండి

నెల్లూరు, ఒంగోలు వైపు పాత సైకిల్ చక్రం మధ్యలో కరెంటు మోటార్ (హబ్ మోటార్ అంటే ఇదే) బిగించి ఇస్తామనే షాపులు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఎవరైనా బండి ఇచ్చే ఆలోచనలో ఉంటే డబ్బులు కట్టే ముందు ఇది చదవండి. నాకు బిగించిన షాపు పేరు అడగొద్దు, రాయను.

మాది కోవూరు, డ్యూటీ నెల్లూరులో. 36 వోల్టుల 250 వాట్ల కిట్టు, ముందు చక్రానికి పెట్టించాను. మామూలు సైకిల్ ముందు ఇరుసు 9 మి.మీ., దాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ల చివర ఉండే గాడి కూడా అంతే ఉంటుంది. ఈ మోటార్ ఇరుసు 12 మి.మీ., రెండు పక్కలా చదునుగా చెక్కి ఫ్లాట్లు తీసి ఉంటాయి, అక్కడ మందం 10 మి.మీ. అంటే గాడిని ఒక్క మిల్లీమీటరు పెంచితే చాలు, అదీ ఆకురాయితో నిదానంగా, మధ్యమధ్య ఇరుసు పెట్టి చూసుకుంటూ. వీళ్లు గ్రైండర్ పెట్టి లాగేశారు, పైన వాషరేసి నట్టు బిగించారు, ఇంక లోపల ఏముందో మనకెట్టా కనపడుద్ది?

పెన్నా బ్రిడ్జి ఎక్కుతా థ్రాటిల్ తిప్పానో లేదో టక్‌మని శబ్దం, మోటార్ ఆగిపోయింది. చక్రం ఊడి రాలేదు, అదే అదృష్టం. ఇంటికి నెట్టుకొచ్చి నట్టు విప్పితే గాడి అంచులు అరిగి గుండ్రంగా అయిపోయున్నాయి, ఎడమ వైపు వెంట్రుకంత పగులు. ఇరుసు గాడిలోనే తిరిగి, దాంట్లోంచి వచ్చే వైరు తాడులా మెలిపడి, లోపల మోటారుకి కరెంటు తెచ్చే ఫేజ్ వైర్లు ఒకదానికొకటి తగిలి, మోటారుని నడిపించే కంట్రోలర్ డబ్బా కూడా పోయింది.

షాపులో అడిగితే "మీరు స్పీడుగా ఎక్కించుంటారన్నా" అంటాడు. 250 వాట్లకి స్పీడేంది! ఇరుసు గాడిలో తిరక్కుండా పట్టి ఉంచే పట్టీ, టార్క్ ఆర్మ్, ఎందుకు వెయ్యలేదంటే అది పెద్ద మోటార్లకేనంట. 40 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, చిన్న మోటారుకీ వస్తుంది, అదంతా ఆ చిన్న ఫ్లాట్ల మీద పడితే నాలుగైదు వందల కిలోల బరువుకి తక్కువ కాదు. పైగా నాది అల్లాయ్ సస్పెన్షన్ ఫోర్కు. ఇనుమైతే ముందు వంగుతుంది, మనకి తెలుస్తుంది. పోత అల్లాయ్ చెప్పాపెట్టకుండా విరుగుతుంది. దాని మీద గ్రైండర్ పెడతానంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

చక్రం మీ ఎదురుగానే బిగించమనండి. ఇరుసు గాడిలో కొంచెం కూడా ఆడకూడదు, టార్క్ ఆర్మ్ రెండు వైపులా ఉండాలి, వైరు కిందికి చూస్తుండాలి, లేకపోతే వాన నీళ్లు దాని వెంటే మోటార్లోకి పోతాయి. వెనక చక్రానికి పెట్టించేవాళ్లయితే హబ్ వెడల్పు కూడా అడగండి, చాలావాటికి 135 మి.మీ. కావాలి, పాత సింగిల్ స్పీడ్ ఫ్రేముల్లో అంత చోటు ఉండదు. జాకీ పెట్టి విడదీస్తామంటారు, అల్లాయ్ ఫ్రేముకి అది అస్సలు ఒప్పుకోవద్దు.

వారంటీ మోటారుకే, ఫిట్టింగ్‌కి లేదని ఇప్పుడు చెప్తున్నారు. అందుకే ఫిట్టింగ్ పని కూడా బిల్లులో రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా బిల్లు చేతిలో ఉంటేనే గట్టిగా మాట్లాడగలం, నా చేతిలో ఉన్నది షాపు ముద్ర కూడా లేని తెల్ల కాగితం.