హెచ్‌ఎఫ్ ఆంబోతు కొంటున్నారా? ‘టెస్టు కాగితం’లో ఏ టెస్టులున్నాయో చదవండి

గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి వైపు పాడి పెట్టుకున్న అన్నలూ తమ్ముళ్లూ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాల జాతి) క్రాస్ ఆంబోతుకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి.

మేము ఒక వ్యాపారి దగ్గర ఆంబోతునీ, దాంతోపాటు పెయ్యల్నీ కొన్నాం. అన్ని టెస్టులూ అయ్యాయని కాగితం చేతిలో పెట్టాడు. పెయ్యలు వేళకే చూడి కట్టాయి. ఈనాక మొదలైంది టెన్షన్. మిగతా దూడలు బాగానే పెరిగాయి గానీ రెండింటికి మాత్రం కొద్ది వారాలకే పారుడు, దగ్గు, నోట్లో పుళ్లు. మందు వేస్తే తగ్గేది, ఆపితే తిరగబెట్టేది. చిన్న గాయమైనా మానేది కాదు. రక్తంలో తెల్లకణాలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఉన్నాయి. అన్ని ఉండి కూడా జబ్బు తగ్గకపోవడంతో డాక్టరుగారు అనుమానపడి జన్యు పరీక్షకు పంపించారు. ‘బ్లాడ్’ (BLAD) అనే పుట్టుకతో వచ్చే జన్యు జబ్బని తేలింది. ఈ జబ్బులో తెల్లకణాలు రక్తనాళం గోడకు అంటుకోలేవు, అందుకే పుండు దగ్గరికి చేరలేవు. నయం చేసే మందు లేదు. రెండు దూడలూ ఏడాది నిండకుండానే పోయాయి. వాటి బాధ చూడలేకపోయాం.

ఈ లోపం ఒక్క వైపు నుంచే వస్తే పశువు నిక్షేపంగా ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తుంటే ప్రతి ఈతలోనూ నాలుగింట ఒక వంతు జబ్బుదూడ పుట్టే అవకాశం. మాకు అమ్మిన ఆంబోతూ పెయ్యలూ ఒకే తండ్రి సంతానం. వ్యాపారి ఆ మాట దాచాడు. అడిగితే, ‘నా దగ్గరున్నంత కాలం ఒక్కటీ దగ్గలేదు’ అంటాడు. మోసే పశువు దగ్గదు కదా! కాగితంలో ఉన్నవి టీబీ, బ్రుసెల్లా అనే అంటుజబ్బుల టెస్టులు మాత్రమే. అవి అవసరమే, కానీ జన్యువుల సంగతి చెప్పవు.

పేరున్న రక్తమని కూడా నమ్మకండి. బ్లాడ్ లోపం 1952లో పుట్టిన ఆస్‌బర్న్‌డేల్ ఐవన్‌హో అనే పేరుమోసిన ఆంబోతు దాకా వెళ్తుంది. అమెరికాలో మాంసానికి పెంచే ఆంగస్ జాతిలోనూ అంతే. కాళ్లూ వెన్నూ వంకర తిరిగి చచ్చి పుట్టే దూడల లోపం 2008లో బయటపడితే, దాని మూలం అందరూ ఎగబడి వాడిన ఆంబోతు వంశంలో దొరికింది.

రిపోర్టులో ఆ ఆంబోతు చెవి ట్యాగు నంబరే ఉందా చూడండి. బ్లాడ్, సిట్రులినీమియా, డంప్స్, ఫ్యాక్టర్ 11 లోపం, ఈ నాలుగు జన్యు లోపాల టెస్టులూ పేరుపేరునా ఉండాలి. లేకపోతే డాక్టరుతో రక్తం తీయించి, ఫలితం వచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే వదిలేయండి. గ్రేడింగ్ ఉన్న వీర్య కేంద్రాల్లో హెచ్‌ఎఫ్ ఆంబోతులకు ఈ పరీక్షలు తప్పనిసరి. కాబట్టి పశువుల ఆసుపత్రిలో ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించడమే మేలని నా అభిప్రాయం. స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) మీది ఆంబోతు నంబరు రాసి పెట్టుకోండి, అదే వంశం మళ్లీ పడకుండా.

మా ఆంబోతుని సంతకి తోలలేదు, విత్తులు కొట్టించాం. ఇలాంటి జతకి పుట్టి బాగున్న దూడల్లో మూడింట రెండు వంతులు లోపాన్ని మోస్తూ ఉండొచ్చు. అందుకే వాటికీ రక్తం తీయించాం, రిపోర్టు వచ్చేదాకా ఒక్కదాన్నీ అమ్మం, దాటించం. మీ కొట్టంలోనూ దూడలు ఇలాగే మాటిమాటికీ జబ్బుపడుతుంటే, బ్లాడ్ పరీక్ష చేయించమని డాక్టరుగారిని మీరే అడగండి.