అహ్మదాబాద్ థాలీలు: ఎక్కడ తిన్నాం, ఏది నచ్చింది

గుజరాతీ థాలీ తినబోయే రోజు పొద్దున టీతో సరిపెట్టుకోండి. బసలో ఉచితంగా ఇస్తున్నారు కదా అని ఫాఫ్డా, పోహా లాగించారంటే మధ్యాహ్నం కట్టే డబ్బు దండగే. మేం డిసెంబరులో అహ్మదాబాద్ వెళ్లినప్పుడు రోజుకి ఒకే థాలీ, అదీ వీలైనంతవరకు పగలే అని నియమం పెట్టుకున్నాం. నెయ్యి, బెల్లం, శనగపిండి ఒకేసారి కడుపులో చేరితే సాయంత్రం సబర్మతి రివర్‌ఫ్రంట్ మీద గంటసేపు నడిస్తే గానీ దిగవు.

వెళ్లింది నేను, మావారు, అత్తయ్య. విజయవాడ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్. బస పాతబస్తీలో, లాల్ దర్వాజా దగ్గర తీసుకున్నాం. గది చిన్నది, వేడినీళ్లు ఏడింటి తర్వాతే. అయినా మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాం. సిద్ది సయ్యద్ మసీదు, భద్ర కోట నడక దూరంలో ఉంటాయి. ఎస్.జి. హైవే వైపు గదులు కొత్తగా, విశాలంగా ఉంటాయి గానీ పాత ఊరికి వచ్చిపోవడానికే రోజు గడిచిపోతుంది. ఇప్పుడు మెట్రో ఉంది కాబట్టి కొంత నయం.

ఊరు చూడటం మొదలుపెట్టడానికి కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర పొద్దున్నే బయల్దేరే హెరిటేజ్ వాక్ మంచిది. మునిసిపల్ కార్పొరేషన్ దాన్ని 1997 నుంచి నడుపుతోంది. పోళ్లు అనే ఇరుకు వీధుల్లోంచి, చెక్క చెక్కడాల ఇళ్ల మధ్య నుంచి జామా మసీదు దాకా తీసుకెళ్తారు. నడక అయ్యేసరికి ఆకలి దానంతటదే వస్తుంది.

మొదటి థాలీ అగాశియే అనే రెస్టారెంట్లో. సిద్ది సయ్యద్ మసీదు ఎదురుగా ఉన్న హౌస్ ఆఫ్ ఎం.జి. మేడమీద. బట్టల మిల్లుల వ్యాపారి మంగళదాస్ గిర్ధర్‌దాస్ 1924లో కట్టించుకున్న ఇల్లు అది, ఇప్పుడు హోటల్. మనిషికి వెయ్యి రూపాయలు దాటుతుంది, ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి. వంటలు ఏరోజుకారోజు మారతాయి. మాకు దొరికిన వాటిలో లీల్వా కచోరీని మర్చిపోలేను. పచ్చి కందిగింజల్ని కచ్చాపచ్చాగా దంచి, అల్లం, పచ్చిమిర్చి వేసి లోపల కూరి వేయించారు. మన పొలాల్లోనూ కందికాయ ఆ కాలానికే వస్తుంది. ఉడకబెట్టుకుని ఉప్పేసుకుని తినడమే గానీ ఇలా చేయవచ్చని మాకెవరికీ తట్టలేదు.

థాలీకి కొత్తవాళ్లు తెలుసుకోవాల్సింది వడ్డన తీరు. ఖాళీ గిన్నెలతో పళ్లెం వస్తుంది, ఆ వెనకే నలుగురైదుగురు వరసగా వచ్చి నింపేస్తారు. ఢోక్లా, ఖాండ్వీ, చేమాకుల్లో శనగపిండి పూసి చుట్టిన పాత్రా లాంటి ఫర్సాణ్ అనే చిరుతిళ్లు, మొలకెత్తిన పెసలో అలచందలో ఒక కఠోళ్, రెండు మూడు కూరలు, పప్పు, మజ్జిగ పులుసులాంటి కఢీ, పచ్చి కూరగాయ ముక్కల కచుంబర్, మామిడి తురుముతో చేసే తీపి ఊరగాయ ఛుందో. వాటితోపాటే స్వీటు. బాసుందీనో శ్రీఖండో పూరీతో నంజుకుని మధ్యమధ్యలో తింటారు, చివరిదాకా ఆగరు. అత్తయ్య బాసుందీ గిన్నెని పక్కకి జరిపి పెట్టుకుంటే వడ్డించే ఆయనకి అది నచ్చలేదని అనుకుని రెండుసార్లు వచ్చి అడిగాడు.

అన్నం బాగా ఆలస్యంగా వస్తుంది. ముందు పుల్కాలాంటి రోట్లీ, పూరీ, చలికాలం కాబట్టి సజ్జ రొట్లో. "ఏమ్మాయ్, అన్నం అసలు ఉందా లేదా, ఒకసారి అడుగు" అని అత్తయ్య నా మోచెయ్యి పొడుస్తూనే ఉన్నారు. అడిగితే వెంటనే పెడతారు, మొహమాటం అక్కర్లేదు. వద్దనుకుంటే మాత్రం మాటతో పని జరగదు, గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టాలి. నెయ్యి పట్టుకు తిరిగే మనిషి విషయంలో మరీను.

పప్పు దగ్గర మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. పల్చటి కందిపప్పులో బెల్లం, పులుపుకి కోకం, పల్లీలు, కరివేపాకు పోపు. కారానికి అలవాటుపడ్డ నాలుకకి మొదటి గుక్క అయోమయంగా ఉంటుంది. నాకు బాగా నచ్చింది, మావారికి చివరిదాకా ఎక్కలేదు. నా లెక్కలో థాలీ మంచిచెడ్డలు తేల్చేవి ఆ పప్పూ, కఢీ, రోట్లీ మూడే. పప్పులో తీపి, పులుపు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. రోట్లీ ఒక్కొక్కటిగా, పెనం మీంచి దిగినట్టే రావాలి. గిన్నెల సంఖ్య చూసి మోసపోవద్దు. హైవే పక్కన ఒక చోట పది పైచిలుకు గిన్నెలు పెట్టారు. వాటిలో పనీర్ బటర్ మసాలా ఒకటి, మంచూరియా ఒకటి, రోట్లీలు మాత్రం చల్లారి తోలులా సాగాయి.

అసలు నాకు నచ్చిన థాలీ ఆశ్రమ్ రోడ్డు వైపు ఒక మామూలు డైనింగ్ హాల్లో దొరికింది. మనిషికి ఐదు వందల లోపే. అలంకారం ఏమీ లేదు, ట్యూబ్‌లైట్లు, స్టీలు పళ్లేలు. పక్క బల్ల మీద బ్యాంకు ఉద్యోగులు, ఇంకో బల్ల మీద మూడు తరాల కుటుంబం. ఆరోజు ఊంధియూ ఉంది. చిక్కుడు, కంద, చిన్న వంకాయలు, చిలగడదుంప, మెంతికూర కలిపిన పిండి ఉండలు ముఠియాలు, అన్నీ పచ్చి వెల్లుల్లి, కొత్తిమీర ముద్దతో మగ్గిన కూర. చలికాలంలోనే చేస్తారు. జనవరి 14న, మన సంక్రాంతి సమయంలో వచ్చే వాళ్ల గాలిపటాల పండగ ఉత్తరాయణ్‌కి ఊంధియూ, జిలేబీ లేకుండా గడవదట. కానీ గాలిపటాల రోజుల్లో గదుల అద్దెలు కూడా గాలిపటాలతోపాటే లేస్తాయి, అందుకే మేం డిసెంబరు ఎంచుకున్నాం. డైనింగ్ హాళ్లు మధ్యాహ్నం మూడింటికల్లా మూసేస్తారు, పన్నెండున్నరకే వెళ్లండి.

విశాలా ఒక్కదానికే పగలే తినాలన్న నియమం తప్పి రాత్రి వెళ్లాం. ఊరి చివర వాస్ణా దాటాక, 1978లో పల్లెటూరి పద్ధతిలో కట్టిన చోటు. లాంతర్ల వెలుతురు, కింద కూర్చుని భోజనం, తోలుబొమ్మలాట కాదు గానీ దారాలతో ఆడించే బొమ్మలాట. అదే ఆవరణలో విచార్ పేరుతో పాత్రల మ్యూజియం ఉంది. బిందెలు, అడకత్తెరలు, పాన్‌దాన్లు, ఇత్తడి, రాగి, కంచు పాత్రలు వేల సంఖ్యలో. అత్తయ్య అక్కడ ఒక్కో గిన్నె ముందు ఆగి, మా అమ్మమ్మ ఇంట్లో ఇలాంటిదే ఉండేదంటూ అందరికంటే ఎక్కువసేపు గడిపారు. సజ్జ రొట్లో మీద తెల్లవెన్న, పక్కన బెల్లం ముక్క, ఆ రాత్రికి అదే చాలు. తిరిగి రావడానికి ఆటో దొరకడం కష్టం. వెళ్లిన బండినే ఆపుకుని ఉంచండి.

తీపి అస్సలు పడనివాళ్లు సౌరాష్ట్ర ప్రాంతపు కాఠియావాడీ భోజనం అడగండి. కారప్పూస వేసిన సేవ్ టమేటా కూర, వెల్లుల్లి కారం పట్టించిన బంగాళదుంప, కాల్చిన వంకాయ ఓళో. మావారు రెండు రొట్లోలు అదనంగా తిన్నది ఆ భోజనంలోనే. ఉల్లి, వెల్లుల్లి తినని రోజులైతే జైన్ థాలీ అని చెబితే చాలు, చాలాచోట్ల విడిగా చేస్తారు. దుంపలు కూడా ఉండవు.

తిరుగు రైలుకి థేప్లాలు అనే మెంతికూర రొట్టెలు, ఒక సీసా ఛుందో కొనుక్కున్నాం. థేప్లా రెండు రోజులైనా మెత్తగానే ఉంటుంది, పాంట్రీ వాళ్ల భోజనం మొహం చూడక్కర్లేదు. ఛుందో సీసాని మాత్రం ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టుకోండి, పాకం కారితే బట్టలకి చీమలు పడతాయి.