గంటల లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టేవారికి హెచ్చరిక

డీటీపీ, అనువాదం, ఇంటీరియర్ డిజైన్, అకౌంట్స్ వంటి పనులు చేస్తూ గంటకో పేజీకో రుసుము తీసుకునే చిన్న సంస్థల యజమానుల కోసం ఇది రాస్తున్నాను. ఎవరు ఏ పనిమీద ఎంతసేపు కూర్చున్నారో నమోదు చేసి, ఆ లెక్క ప్రకారం బిల్లు తయారు చేసి, అసలు ధర ఎంత పెట్టాలో కూడా తామే చెబుతామని ప్రచారం చేసుకునే ఒక సాఫ్ట్‌వేర్‌కు మేము చందా కట్టాము. విజయవాడలో ప్రచురణకర్తలకు పుస్తకాలు టైపు చేసి, లేఅవుట్ చేసి, ముద్రణకు సిద్ధం చేసి ఇవ్వడం మా పని. ఆపరేటరు, ప్రూఫ్ రీడరు, నేను కలిసి ముగ్గురమే ఉంటాము. చందా కింద పోయిన డబ్బు కంటే, తప్పుగా నమోదైన గంటల వల్ల, వాటిమీద కట్టిన ధర వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. ఫిర్యాదు నడుస్తున్నందున అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

ముందుగా చందా సంగతి. ప్రకటనలో మనిషికి నెలకు 399 రూపాయలని ఉంది. ముగ్గురికి 1,197 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 1,412 రూపాయల పైచిలుకు అవుతుంది. డబ్బు కట్టే చివరి తెరమీదకు వచ్చేసరికి కనీసం ఐదుగురి పేరిట తీసుకోవాలన్న షరతు, పన్ను విడిగా చేరుతుందన్న మాట కనిపించాయి, మొత్తం 2,354 రూపాయలు దాటింది. ఏడాదికి ఇరవై లక్షల టర్నోవరు దాటక జీఎస్టీ నమోదు లేని మాబోటివారికి ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే ప్రభుత్వానికి కట్టవలసిన పన్నులో మినహాయింపుగా, తిరిగి రాదు. పైగా 'నెలవారీ' అన్నది కట్టే పద్ధతి మాత్రమే, ఒప్పందం ఏడాదిదని, మధ్యలో మానుకుంటే మిగిలిన నెలల మొత్తంలో సగం చెల్లించాలని నిబంధనల పత్రం లోపలి పేజీల్లో ఉంది. పదిహేను వేల లోపు మొత్తాలకు మొదట ఒకసారి ఆటోపే అనుమతి ఇస్తే చాలు, ఆ తర్వాత ప్రతినెలా ఓటీపీ అడగకుండానే డబ్బు కోసుకుంటారు. కోతకు కనీసం 24 గంటల ముందు సందేశం పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది, ఆ సందేశం వస్తుంది కూడా. కానీ అప్పటికి ఒప్పందంలో కాలు పెట్టేసి ఉంటాము.

ఇక గంటల సంగతి, అసలు నష్టం ఇక్కడే. ప్రతి నమోదునూ పైనున్న పావుగంటకు పెంచి లెక్కించేలా ఆ సాఫ్ట్‌వేర్ ముందే అమర్చి ఉంది. గంటలకు రుసుము తీసుకునే వృత్తులలో ఇలా దగ్గరి భాగానికి సరిచేయడం కొత్త కాదు, ఆరు నిమిషాల చొప్పున లెక్కించే న్యాయవాదులు ఉన్నారు. అయితే ఆ సంగతి కక్షిదారుకు ముందే తెలిసి ఉండాలి. మా పనిలో ఒక పుస్తకం మీద రచయిత ఫోను, చిన్న కరెక్షను, కవర్ పేజీ పంపమన్న మెయిలు వంటి అయిదు నిమిషాల పనులు రోజుకు ఎన్నో వస్తాయి. అలాంటివి ఎనిమిది చేరితే నిజానికి నలభై నిమిషాలు. సాఫ్ట్‌వేర్ లెక్కలో అవి రెండు గంటలు. గంటకు 400 రూపాయల చొప్పున 267 రూపాయల పనికి 800 రూపాయల బిల్లు వెళుతుంది. ఏళ్ల తరబడి నమ్మకంమీద పని ఇస్తున్న ప్రచురణకర్త ఆ బిల్లు చేతిలో పట్టుకుని అడిగితే మన దగ్గర సమాధానం ఉండదు. ఈ అమరికను మార్చే మీట సెట్టింగుల్లో ఉంది కానీ, ఖరీదైన ప్లాను కొన్నవారికి మాత్రమే అది పని చేస్తుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన తప్పు ప్రూఫ్ రీడింగులో జరిగింది. కీబోర్డు, మౌస్ కొంతసేపు కదలకపోతే మనిషి ఖాళీగా ఉన్నట్టు భావించి ఆ సమయాన్ని సాఫ్ట్‌వేర్ కొట్టేస్తుంది. మా ప్రూఫ్ రీడరు కాగితంమీద తీసిన ప్రింటును ఎర్ర కలంతో చదువుతారు. మొదటి ప్రూఫు, రెండవ ప్రూఫు, చివరి చూపు, అన్నీ కాగితంమీదనే. డీటీపీకి వాడే పాత 'అను' అనే ఫాంట్లలో ఉన్న పుస్తకాన్ని, ఏ కంప్యూటరులోనైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. వాటిని మూలంతో పోల్చి పట్టుకోవడం మా పనిలో అతి నెమ్మదైన, అతి ఖరీదైన భాగం. నివేదికలో అది దాదాపు శూన్యంగా చేరింది. కంప్యూటరు ముందు కూర్చోకుండా చేసే శ్రమ ఏదైనా సరే, అది సైటు చూసి కొలతలు తీసే ఇంటీరియర్ డిజైనరుదైనా, క్లయింటు ఆఫీసులో ఓచర్లు తిరగేసే అకౌంటెంటుదైనా, ఈ యంత్రం కంట పడదు. అమ్మేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పరు.

ఈ తప్పుడు గంటల మీద నిలబెట్టినదే వారి 'సూచిత ధర'. నెలకు ఎంత మిగలాలనుకుంటున్నారో చెప్పమని, ఆ సంఖ్యను ఇరవై ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, అంటే 208 గంటలతో భాగించి గంట ధర చూపిస్తుంది. అరవై వేలు కావాలంటే సుమారు 288 రూపాయలని వస్తుంది. కొటేషన్లు రాయడం, బాకీల కోసం ఫోన్లు చేయడం, ప్రెస్సు చుట్టూ తిరగడం, ప్రింటరు బాగుచేయించడం, వీటిలో దేనికీ బిల్లు వేయలేము. నెలలో బిల్లుకెక్కే గంటలు 120 అనుకుంటే అదే అరవై వేలకు గంటకు 500 రూపాయలు పెట్టాలి. అందులో అద్దె, కరెంటు ఇంకా చేరనే లేదు. ఆ 288 అంకెను నమ్మి ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవారు ఎంత పని చేసినా చేతి నుంచి పెట్టుకోవలసిందే. సూత్రం ఏమిటో తెరమీద ఎక్కడా చూపరు, నేను వేర్వేరు సంఖ్యలు ఇచ్చి చూసి రాబట్టవలసి వచ్చింది.

మానుకుందామని నిర్ణయించుకున్నాక మరొక సంగతి బయటపడింది. మేము నమోదు చేసిన గంటలన్నీ ఎక్సెల్ ఫైలుగా ఇమ్మంటే, ఆ సౌకర్యం పై ప్లానులో ఉందని, ప్రస్తుత ప్లానులో పీడీఎఫ్ మాత్రమే దొరుకుతుందని, చందా ముగిసిన ముప్ఫై రోజులకు డేటా చెరిపేస్తామని సమాధానం వచ్చింది. ఏ రకం పుస్తకానికి పేజీకి ఎంతసేపు పట్టిందన్న పాత లెక్కే లేకపోతే కొత్త కొటేషను ఉజ్జాయింపుగా రాసుకోవలసిందే. అందువల్ల డబ్బు కట్టకముందే, ఉచిత ప్రయోగ కాలంలోనే, పది నమోదులు వేసి అవి ఎక్సెల్ ఫైలుగా బయటికి వస్తున్నాయో లేదో చూడండి. మేము ఇప్పుడు మామూలు స్ప్రెడ్‌షీటులో పుస్తకం పేరు, పని, మొదలు, ముగింపు అన్న నాలుగు గడులు పెట్టుకున్నాము. ప్రూఫ్ రీడరు కాగితం మూలన రాసిన వేళలను సాయంత్రం ఎక్కిస్తున్నాము. ఇబ్బంది లేకుండా సాగుతోంది.

ఇప్పటికే ఇరుక్కున్నవారికి కొన్ని దారులు ఉన్నాయి. కార్డు మీద ఇచ్చిన ఆటోపే అనుమతిని ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా, యూపీఐ మీద ఇచ్చినదాన్ని యూపీఐ యాప్‌లో రద్దు చేసుకోవచ్చు. అయితే డబ్బు కోత ఆగినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు కనుక, అదే రోజు మెయిలు ద్వారా రద్దు కోరుతూ రాయడం అవసరం. పన్నును, కనీస సంఖ్యను చివరి తెరవరకు దాచడం, మానుకోవడాన్ని కష్టతరం చేయడం 2023 నవంబరు 30న కేంద్రం జారీ చేసిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని తప్పుదారి పట్టించే తెర అమరికల) మార్గదర్శకాలలో డ్రిప్ ప్రైసింగ్, సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అనే పేర్లతో నిషిద్ధ పద్ధతులుగా ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని అమ్మినవారు వాదిస్తారు, మాకు వచ్చిన మొదటి జవాబు అదే. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే కొన్న వస్తువుల వాడకాన్ని వాణిజ్య ప్రయోజనంగా పరిగణించరాదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వివరణలోనే ఉంది. ఒకరిద్దరి సహాయం తీసుకున్నంత మాత్రాన ఆ రక్షణ పోదని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఒప్పందంలో ఏ నగరం కోర్టులని రాసి ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేసే వీలును చట్టం ఇస్తోంది. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

మేము మెయిల్లో రద్దు కోరాక, సగం ధరకు పై ప్లాను ఇస్తామని వారు ప్రతిపాదించారు. ఒప్పుకోకుండా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాము. ఇదే పరిస్థితిలో ఉన్నవారు ప్రకటనలోని ధర, చివరి తెరమీది ధర, ఆటోపే సందేశాలు, రద్దు కోరిన మెయిలు తేదీలతో సహా దాచుకోండి. హెల్ప్‌లైన్ వారు మా నుంచి మొదట అడిగినవి ఆ నాలుగే.