ప్లాస్టిక్ ఇటుకా, మట్టి ఇటుకా, బూడిద ఇటుకా: అక్క ఇంటికి ఏది మేలు?

ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో మా అక్క ఉంటున్న పాత మిద్దె వాన పడితే చాలు, కారుతుంది. దాన్ని పడగొట్టి, ఉన్న మూడు సెంట్లలో రెండు గదులు, ఒక వంటిల్లు వేయాలని మా మేనల్లుడి ఆశ. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పోయిన ఎండాకాలం నాకు ఒక వీడియో పంపాడు. నలుగురు మనుషులు నల్లటి ప్లాస్టిక్ ఇటుకలను ఒకదానిలో ఒకటి ఇరికిస్తూ గోడ లేపుతున్నారు. సిమెంట్ లేదు, నీళ్లు లేవు, తాపీ లేదు. "మామా, ఐదు రోజుల్లో ఇల్లు అయిపోతుందంట. అమ్మకు ఇదే కట్టిద్దాం" అన్నాడు.

ఇళ్ల పనులు చేయించడమే నా బతుకుతెరువు. అయినా వాణ్ణి వెంటనే వద్దనలేదు. ఊరి బయట కాలవ గట్టున పేరుకుపోయిన కవర్లు, సీసాలు రోజూ చూస్తూనే ఉన్నాను. అవి గోడలుగా మారితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అందుకే తెలిసిన ఇంజినీర్లను అడిగి, దొరికినంత చదివి, మా ప్రాంతంలో నిజంగా కట్టదగ్గ మరో రెండు రకాల పక్కన దీన్ని పెట్టి చూశాను. ఒకటి ప్రెస్‌లో ఒత్తిన మట్టి ఇటుక, రెండోది థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలే బూడిదతో చేసే బూడిద ఇటుక, అంటే ఫ్లై యాష్ బ్రిక్.

వీడియోలోది కొలంబియా దేశం. రాజధాని బొగోటాలో కాన్సెప్టోస్ ప్లాస్టికోస్ అనే సంస్థ ఉంది. ఆర్కిటెక్ట్ ఆస్కార్ మెండెజ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. పారేసిన ప్లాస్టిక్‌ను పొడి చేసి, కరిగించి, అచ్చుల్లో పోసి ఇటుకలు, దూలాలు, స్తంభాలు తీస్తారు. ఒక్కో ఇటుక మూడు కిలోల దాకా ఉంటుంది. 40 చదరపు మీటర్ల ఇంటిని, అంటే మన లెక్కలో 430 చదరపు అడుగులను, పని రాని నలుగురు మనుషులు ఐదు రోజుల్లో నిలబెట్టగలరని వాళ్ల లెక్క. 2015లో గ్వాపీ అనే ఊళ్లో, సాయుధ ఘర్షణల వల్ల ఇళ్లు వదిలి వచ్చిన 42 కుటుంబాలకు 28 రోజుల్లో గూడు కట్టారు. అందులోకి 120 టన్నులకు పైగా ప్లాస్టిక్ వెళ్లింది. ఆ తర్వాత ఇదే సంస్థతో కలిసి యూనిసెఫ్ ఐవరీ కోస్ట్‌లో బడి గదులు కట్టించింది. మామూలు ఇటుక కంటే ఇవి 40 శాతం చవక, 20 శాతం తేలిక అని 2019లో ప్రకటించింది.

ఇవి చిన్న విషయాలు కావు. కానీ గ్వాపీ ఎక్కడుందో చూశాక నాకు అసలు సంగతి అర్థమైంది. అది పసిఫిక్ తీరంలో, అడవుల మధ్య, నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడికి రోడ్డు లేదు. పడవలోనో చిన్న విమానంలోనో పోవాలి. ఇసుక, సిమెంట్, ఇటుక ఏది తీసుకుపోవాలన్నా ప్రాణం పోతుంది. అలాంటి చోట మూడు కిలోల ఇటుక వరమే. మా అక్క ఊరికి మాత్రం ఇంటి ముందు దాకా ట్రాక్టర్ వస్తుంది.

ఇంకో విచిత్రం కూడా తెలిసింది. మట్టిని ఒత్తి ఇటుక చేసే చేతి ప్రెస్ కూడా ఆ బొగోటాలోనే పుట్టింది. 1950ల్లో అక్కడి గృహనిర్మాణ కేంద్రంలో రౌల్ రామిరెజ్ అనే ఇంజినీర్ దాన్ని తయారుచేశాడు. సిన్వా-రామ్ అనే పేరుతో అది చాలా దేశాలకు పాకింది. మన దేశంలో బెంగళూరులోని పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ, పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి ప్రెస్‌లనే మన మట్టికి తగ్గట్టు మెరుగుపరిచాయి. ఒకదానిలో ఒకటి కూర్చునేలా గాడి, బొడిపె ఉన్న మట్టి ఇటుకలూ ఉన్నాయి. మధ్యలో రంధ్రాలుండే రకంలో కమ్మి దింపి కాంక్రీట్ పోస్తారు. 2001 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లో ఆ రకంతో ఇళ్లు కట్టారు. కాబట్టి ఇరికించి కట్టడం ప్లాస్టిక్‌కే సొంతమైన విద్య కాదు.

మిద్దె బరువు

మా వైపు ఇల్లంటే మిద్దె. ఎండాకాలం రాత్రి పైన పడుకోవాలి, మిరపకాయలు ఆరబెట్టుకోవాలి, ఎప్పుడైనా పైన ఇంకో గది వేసుకోవాలి. కొలంబియా ఇళ్లకు పైన వేసేది తేలికపాటి రేకుల కప్పు. మనం వేసేది ఐదు అంగుళాల స్లాబు. చదరపు మీటరుకు మూడు వందల కిలోలు దాటుతుంది. 40 చదరపు మీటర్ల ఇంటి మీద ఆ స్లాబు ఒక్కటే పన్నెండు టన్నులకు పైన తూగుతుంది.

ప్లాస్టిక్‌కు ఒక గుణం ఉంది. బరువు మోసిన రోజున విరగదు. కానీ ఆ బరువు నెలల తరబడి అలాగే ఉంటే మెల్లగా వంగిపోతుంది. బియ్యం మూట పెట్టిన ప్లాస్టిక్ అర చూడండి, రెండేళ్లకు నడుము వాలుతుంది. వేడి పెరిగితే ఈ వంగడం ఇంకా ఎక్కువ. అందుకే స్లాబు వేయాలంటే కాంక్రీట్ పిల్లర్లు, దూలాలే బరువు మోయాలి. అప్పుడు ప్లాస్టిక్ ఇటుక మధ్యలో నింపుడు గోడ మాత్రమే. పునాది, సెంట్రింగ్, కమ్మి, క్యూరింగ్ అన్నీ మామూలే. ఐదు రోజుల మాట అక్కడితో పోయింది.

మట్టి ఇటుక, బూడిద ఇటుక ఆ బరువు మోస్తాయి. సరిగ్గా చేసిన వాటితో, పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన ఒక అంతస్తు ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ఎండ

మే నెలలో మా ప్రాంతంలో ఎండ 43, 44 డిగ్రీలుంటుంది. పడమటి గోడను సాయంత్రం నాలుగింటికి చేత్తో తాకలేం. ప్లాస్టిక్ వేడికి సాగుతుంది. ఎంత సాగుతుందో లెక్క వేసి చూశాను. పది అడుగుల గోడ తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గరుండి మధ్యాహ్నానికి 55కు చేరిందనుకుందాం. మామూలు ఇటుక గోడ అర మిల్లీమీటరు సాగుతుంది. పాలిథిన్ రకం ప్లాస్టిక్ అయితే దాదాపు ఒక సెంటీమీటరు. రోజూ పగలు సాగి రాత్రి ముడుచుకునే గోడలో కిటికీ ఫ్రేమ్ ఎలా నిలుస్తుంది? బాత్రూమ్ టైల్స్ ఎలా అంటుకుని ఉంటాయి? కొంత సందు వదిలి కట్టాలి. ఆ పని తెలిసిన బేల్దారి మాకు ఇక్కడ దొరకడు.

మిద్దె మీద వదిలేసిన రంగు బకెట్ రెండు ఎండాకాలాలకు పెళుసుబారి, గీరితే పొడి రాలుతుంది. గోడ నుంచి అలా రాలిన పొడి మన నేలలోకి, నీళ్లలోకి పోతుంది. నల్ల నీళ్ల ట్యాంకులు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి, ఎందుకంటే వాటిలో కలిపిన నల్ల పొడి ఎండను అడ్డుకుంటుంది. కాబట్టి నల్ల ఇటుకలైతే ఎక్కువ కాలం నిలుస్తాయి. కానీ నలుపు వేడిని పీలుస్తుంది. పైన పూత వేద్దామంటే పాలిథిన్‌కు సిమెంట్ పట్టదు. జాలీ కొట్టి, దాని మీద పూయాలి. ఖర్చు అక్కడ మళ్లీ పెరుగుతుంది.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. వీటికి చెదలు పట్టవు, నీళ్లు పీల్చవు, చెమ్మ ఎక్కదు. మట్టి ఇటుక గోడకు వాన జల్లు నేరుగా తగలకుండా చూరు ముందుకు దించాలి, బేస్‌మట్టం రాయితో రెండడుగులు లేపాలి. ఆ రెండూ చేయకుండా మట్టి గోడను తిట్టేవాళ్లను చాలామందిని చూశాను.

నిప్పు

మిగతావన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. దీని దగ్గర మాత్రం నా మనసు ఒప్పుకోలేదు.

గ్వాపీ లెక్కనే తీసుకోండి. 42 కుటుంబాలకు 120 టన్నులంటే, ఒక్కో కుటుంబం చుట్టూ దాదాపు మూడు టన్నుల ప్లాస్టిక్. కిలో పాలిథిన్ కాలితే వచ్చే వేడి కిలో డీజిల్ కాలితే వచ్చే వేడికి ఇంచుమించు సమానం. అంటే ఆ ఇంటి గోడల్లో మూడున్నర వేల లీటర్ల డీజిల్ అంత మంట దాగి ఉంది. నిప్పు త్వరగా అంటుకోకుండా రసాయనాలు కలుపుతామని తయారుచేసేవాళ్లు అంటారు, అది అబద్ధం కాదు. కానీ ఆ రసాయనాలు అంటుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి, లోపలి ఇంధనాన్ని తీసేయవు. ఒకసారి గట్టిగా అంటుకుంటే ప్లాస్టిక్ కరిగి, మండుతూ కారుతుంది. పొగ ఇంకా ప్రమాదం. చెత్తలో పీవీసీ పైపు ముక్కలు కలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఆ భవనం గోడలు కాంక్రీటువే. మంటను కింది నుంచి పైకి పాకించింది బయట తొడిగిన రేకుల మధ్య ఉన్న పలుచటి పాలిథిన్ పొర. పలుచటి పొరే అంత పని చేస్తే, గోడ మొత్తం అదే అయితే?

మా అక్క వంటింట్లో గ్యాస్ సిలిండర్ ఉంటుంది, దేవుడి గూట్లో రోజూ దీపం ఉంటుంది, పండగ వస్తే పిల్లలు గోడ పక్కనే టపాకాయలు కాలుస్తారు. పాత వైరింగ్ ఎప్పుడు షార్ట్ అవుతుందో చెప్పలేం. ఆమె వయసు 64, మోకాళ్ల నొప్పులు. రాత్రి పొగ కమ్ముకుంటే లేచి తలుపు దాకా రాగలదా? ఈ మాట అన్నాక మేనల్లుడు ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మట్టి దగ్గర తేలని లెక్క

నిజం చెప్పాలంటే నా మనసు మట్టి ఇటుక మీదే ఉండింది. కాల్చే పని లేదు, బట్టీకి కట్టెలు, బొగ్గు అక్కర్లేదు. ఐదు శాతం సిమెంట్ చాలు. పది కిలోల ఇటుకకు అర కిలో, అంటే ఒక సిమెంట్ మూటతో వంద ఇటుకలు. నీడలో ఉంచి నీళ్లు పట్టి నెల రోజులు ఆగితే గట్టిపడతాయి. గోడ చల్లగా ఉంటుంది, చూడ్డానికి కూడా నిండుగా ఉంటుంది.

కానీ మా అక్క ఊరిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఆరితే నెర్రెలిచ్చే మట్టి. దాంతో ఇటుక ఒత్తితే ఇటుక కూడా అదే పని చేస్తుంది. మీ మట్టి సంగతి తెలుసుకోవాలంటే, గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రాత్రి ఉంచండి. ఇసుక కిందికి దిగుతుంది, జిగురు మట్టి పైన నిలుస్తుంది. సగానికి పైగా ఇసుక, కొద్దిగా జిగురు ఉంటే ఆ మట్టి పనికొస్తుంది. మా సీసాలో ఇసుక అడుగున వేలి మందం కూడా లేదు. ఎర్రమట్టిని దూరం నుంచి ట్రాక్టర్లలో తోలించాలి, ప్రెస్ బాడుగకు తేవాలి. రాయచోటి, మదనపల్లె వైపు ఎర్ర నేలల్లో స్థలం ఉన్నవాళ్లకైతే నేను రెండో ఆలోచన లేకుండా మట్టి ఇటుకే చెబుతాను.

బూడిద ఇటుక

ఎర్రగుంట్ల పక్కన థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గు కాల్చగా మిగిలే బూడిద ఒక సమస్య, అది ఇటుకైతే ఆ సమస్య కొంతైనా తీరుతుంది. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే గట్టి ఇటుక చేసే ఫాల్-జీ పద్ధతిని పెంచి పోషించింది మన విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ పరిశోధన సంస్థ, దాన్ని స్థాపించిన భానుమతీదాస్, కాళిదాస్‌లు. ఇప్పుడు చాలాచోట్ల సున్నం బదులు సిమెంట్, ఇసుక బదులు రాతి డస్ట్ వాడుతున్నారు. మేనల్లుడి కోరిక చెత్తను గోడగా మార్చాలనే కదా. ఇదీ చెత్తే, పైగా నిప్పంటుకోనిది.

దీనితో నాకు చేదు అనుభవం లేకపోలేదు. నాలుగేళ్ల కిందట ఒక ఇటుకల యార్డు నుంచి రెండు లోడ్లు దింపించాను. సరిగా నీళ్లు పట్టకుండానే పంపారు. పూత వేసిన మూడో నెలకే గోడంతా వెంట్రుక పగుళ్లు. ఇంటాయనకు నా సొంత డబ్బుతో మళ్లీ పూయించాను. అప్పటి నుంచి లోడు దింపే ముందే చూస్తాను. రెండు ఇటుకలు కొడితే ఖంగున మోగాలి, గోటితో గీస్తే గీత పడకూడదు, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి తీస్తే అంచులు రాలకూడదు. తయారై మూడు వారాలు కాని ఇటుకను ఎంత తక్కువకిచ్చినా తీసుకోను.

మరి ప్లాస్టిక్ ఇటుక ఎక్కడికి?

దాన్ని తీసిపారేయలేను. 2021 నవంబర్‌లో అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు పక్క ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు ఇళ్లు పోయిన కుటుంబాలు టార్పాలిన్ల కింద చలిలో కూర్చున్నాయి. అప్పటికప్పుడు వారం రోజుల్లో బిగించి, సొంత ఇల్లు లేచాక విప్పి దాచుకునే గోడలు ఉండుంటే ఎంత మేలు జరిగేది! పొలంలో మోటారు గది, కాంపౌండ్ గోడ, వరద వచ్చే లంక ఊళ్లలో మరుగుదొడ్డి, వీటన్నిటికీ అది మంచిదే. పొయ్యి లేని చోట, రాత్రి మనిషి పడుకోని చోట వాడితే నాకు అభ్యంతరం లేదు. ఎవరైనా అమ్మడానికొస్తే మూడు అడగండి: ఏ రకం ప్లాస్టిక్, నిప్పు పరీక్ష కాగితం ఏది, స్లాబు బరువు ఎవరు మోస్తారు.

పోయిన గురువారం అక్క స్థలంలో ముగ్గు పోశాం. నల్లరేగడి కాబట్టి పునాది గట్టి పొర తగిలేదాకా తవ్విస్తున్నాం, బేస్‌మట్టం వరకు నాపరాయి. పైన బూడిద ఇటుక, పడమటి గోడ తొమ్మిది అంగుళాలు. మేనల్లుడు వంటింటి వెనక కోళ్ల గూటికి మాత్రం ప్లాస్టిక్ ఇటుకలే తెప్పిస్తానని పట్టుబట్టాడు. సరేరా, ముందు ఆ మూడు ప్రశ్నలు అడిగిరా అన్నాను.