సంస్థ నడిపేది మనవాళ్లైతే మేలా, ఎవరైనా ఒకటేనా?

అమెరికాలో నాన్‌ప్రాఫిట్ (లాభం కోసం కాకుండా సేవ కోసం నడిచే) సంస్థకు డైరెక్టర్‌ను ఎంచుకునేటప్పుడు తరచూ ఒక వాదన నడుస్తుంది. సాయం కోసం వచ్చేవాళ్ల జాతి, జెండర్‌కు చెందిన మనిషి ఉండాలా, పని తెలిస్తే ఎవరైనా చాలా? ఆచరణలో నెగ్గేది ఎక్కువగా రెండోదే. నాన్‌ప్రాఫిట్ బోర్డులకు సలహాలిచ్చే బోర్డ్‌సోర్స్ అనే సంస్థ 2017లో చేసిన సర్వేలో సంస్థల అధిపతుల్లో 90 శాతం మంది తెల్లవాళ్లే.

బయటివాళ్లు నడిపితే పని జరగదని కాదు. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి, పేదల పేటలోనే ఉంటూ వాళ్లకు సాయం చేసే హల్ హౌస్ అనే కేంద్రం మొదలుపెట్టారు. ఇద్దరూ బాగా చదువుకున్న అమెరికన్లు, చుట్టూ ఉన్నవి వలస కుటుంబాలు. బాలకార్మికుల చట్టాల కోసం హల్ హౌస్‌వాళ్లు గట్టిగా పోరాడారు. పై స్థాయిలో పరిచయాలుంటే కలిగే లాభం అది. కానీ పోషకాహారమని వాళ్లు తెరిచిన వంటశాల మాత్రం చుట్టుపక్కలవాళ్లకు రుచించలేదు. ఏం తినాలనిపిస్తుందో ముందే అడిగి ఉంటే సరిపోయేది!

అడిగే పని అట్లాంటాలో జరిగింది. 1908లో లుజీనియా బర్న్స్ హోప్, మరికొందరు నల్లజాతి మహిళలు నైబర్‌హుడ్ యూనియన్ పెట్టి, ఇంటింటికీ తిరిగి ఎక్కడ ఏం కావాలో తెలుసుకున్నారు. తమలాంటి మనిషే తలుపు తడితే లోపలి సంగతులు బయటికొస్తాయి. అయితే హోప్ భర్త మోర్‌హౌస్ కాలేజీ అధ్యక్షుడు. రంగు ఒకటే, జెండర్ ఒకటే, జీవితం వేరు. ‘మనవాళ్లు’ అనే మాటలో ఈ మెలిక ఎప్పుడూ ఉంటుంది.

నా ఆలోచన మార్చింది మాత్రం ఓక్‌లాండ్‌లో జరిగిన ప్రయోగం. దాని ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. నల్లజాతి మగవాళ్లకు ముందు డాక్టరు ఫొటో చూపించి, ఏ పరీక్షలు చేయించుకుంటారని అడిగారు. ఫొటోలో ఉన్నది నల్లజాతి డాక్టరైనా, కాకపోయినా జవాబుల్లో పెద్ద తేడా లేదు. డాక్టరుతో ఎదురెదురుగా మాట్లాడాక మాత్రం తేడా వచ్చింది. నల్లజాతి డాక్టరును కలిసినవాళ్లు ఎక్కువ పరీక్షలకు ఒప్పుకున్నారు, ముఖ్యంగా రక్తం ఇవ్వాల్సిన వాటికి. అంటే పోలిక పనిచేసింది మాటల్లో. బ్రోషర్ మీద డైరెక్టర్ ఫొటో వేస్తే ఆ ఫలితం వస్తుందనుకోను.

ఇక గృహహింస సంగతి. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి దక్షిణాసియా మహిళలు దక్షిణాసియా మహిళల కోసమే పెట్టుకున్న సంస్థ. అత్తగారింట్లో ఉండటమంటే ఏమిటో ఇక్కడ మొదటి నుంచీ వివరించక్కర్లేదు. కానీ ఇలాంటి చోట ఇంకో టెన్షన్ ఉంటుంది, ‘ఈవిడ మా ఆయనకు తెలిసినవాళ్లేమో’ అని. అలాంటి మనిషికి పరాయి మనిషే నయం.

బియ్యం, అద్దె డబ్బుల్లాంటి సాయమైతే డైరెక్టర్ ఎవరన్నదానికి నేను పెద్దగా పట్టింపు పెట్టుకోను. సమయానికి అందాలి, అంతే. రోగం, హింస, పిల్లల విషయమైతే సొంత సమూహం మనిషికే నా ఓటు. అదీ ఆ డైరెక్టర్ వారానికి ఒక రోజైనా, సాయం కోసం వచ్చేవాళ్లను కలిసే ముందుగదిలో కూర్చునే మనిషైతే. కూర్చోకపోతే, అక్కడ రోజూ కూర్చునేవాళ్లను ఎవరు ఎంపిక చేస్తున్నారో చూడాలి.