స్టవ్ వెనక టైల్స్ బదులు గ్లాసు: వాడి చూశాక

తిరగమోత చిందితే ఒక్కసారి తుడిస్తే పోవాలి. ఈ ఒక్క సుఖం కోసమే గుంటూరులో మా ఇల్లు కట్టుకున్నప్పుడు వంటింట్లో టైల్స్ వద్దనుకుని, వెనక రంగు వేసిన టఫెన్డ్ గ్లాసు పెట్టించాం. కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఆ సుఖం విషయంలో నా మాట మారలేదు. మిగతా వాటిలో కొంచెం మారింది.

మొదట అందరిలాగే సబ్‌వే టైల్సే చూశాం. 1904లో మొదలైన న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్ల గోడలకి వేసిన తెల్ల టైల్స్ అవి. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు. స్టేషన్ గోడకి బానే ఉంటాయి, అక్కడ ఎవరూ పండుమిర్చి పచ్చడికి తాలింపు పెట్టరు కదా. ఆ సైజులో చదరపు అడుగుకి ఎనిమిది టైల్స్ పడతాయి. వాటి జాయింట్లన్నీ కలిపితే ఆరడుగులు. స్టవ్ వెనక ఇరవై చదరపు అడుగుల గోడ ఉందంటే నూట ఇరవై అడుగుల తెల్ల గీత అన్నమాట. అందులోకి పసుపు, కారం, నూనె కలిసి దిగాక పాత టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చోవాల్సిందే. జాయింట్లలో సిమెంటు బదులు ఎపాక్సీ అనే రెసిన్ నింపిస్తే అది మరకలు పీల్చదు, నిజమే. కానీ మా తోడికోడలు వాళ్లింట్లో సన్నటి కిట్‌క్యాట్ టైల్స్‌కి అదే వేయించారు. పనివాళ్లు వెంటనే తుడవకపోవడంతో అది టైల్స్ మీదే పొరలా ఎండిపోయింది. ఇప్పటికీ చెయ్యి పెడితే గరుకే. ఇక చేత్తో చేసినట్టుండే మొరాకో జెలీజ్ రకాలు చూడ్డానికి ముచ్చటేస్తాయి, కానీ ఆ ఎగుడుదిగుళ్ల మీద జిడ్డు తుడవాల్సింది నేనే.

గ్లాసుకి ఆ గొడవ లేదు. స్టవ్ గోడకి ఒకటే పలక, సింకు గోడకి ఇంకొకటి. ఆవకాయ కలిపే రోజు కూడా సబ్బునీళ్ల గుడ్డ, తర్వాత పొడిగుడ్డ, అంతే. చూసినవాళ్లందరికీ ఇదే వేయించుకోమని చెప్పేదాన్ని, వాటర్ ప్యూరిఫయర్ మార్చేదాకా.

కొత్త ప్యూరిఫయర్‌కి హోల్స్ పాతవాటికి సరిపోలేదు. బిగించడానికి వచ్చిన అబ్బాయికి "బాబూ, అది టైల్ కాదు, టఫెన్డ్ గ్లాసు, డ్రిల్లు పెట్టకు" అని చెప్పాను. "ఏం కాదాంటీ, నా దగ్గర గ్లాస్ బిట్టుంది" అన్నాడు. మావారిని పిలుద్దామని హాల్లోకి వెళ్లానో లేదో, ఢామ్మని చప్పుడు. ఒకచోట పగులు రావడం కాదు, నాలుగడుగుల పలక మొత్తం కల్లుప్పులా రాలిపోయింది. ఆ పిల్లాడు డ్రిల్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చేతి మీద చిన్న గీరుడు తప్ప ఏమీ కాలేదు, అదే పదివేలు. గట్టు మీద నానబెట్టిన కందిపప్పు పారబోశాం. మూత గట్టిగా బిగించి ఉండబట్టి గోంగూర పచ్చడి జాడీ బతికింది. ఫ్రిజ్ కింద నుంచి ఆ పలుకులు చాలా రోజులు వస్తూనే ఉన్నాయి. కంపెనీవాళ్లు ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నారు కాబట్టి గ్లాసు సంగతి వాళ్లకి సంబంధం లేదట!

తర్వాత గ్లాసు షాపాయన విడమరిచి చెప్పాడు. ఈ గ్లాసుని ఆరొందల డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. దాంతో పైపొర బిగుసుకుని, లోపలి భాగం లాగిపట్టినట్టు ఉండిపోతుంది. డ్రిల్లు ఆ పొర దాటిందా, మొత్తం పోతుంది. హోల్స్, ప్లగ్గు కోతలు అన్నీ కాల్చకముందే కొట్టించాలి. పోనీ మామూలు గ్లాసు వేయిద్దామంటే స్టవ్ వేడికి అది పగులుతుంది.

కొత్త పలకకి అన్నీ ముందే కొలిచి ఇచ్చాం, ఎందుకైనా మంచిదని ఒక ప్లగ్గుకి అదనంగా కోత పెట్టించాం. గోడ మీద పాత సిలికాన్ గీకడానికే పనివాడికి ఒక పూట పట్టింది. తీరా బిగించాక చూస్తే రంగు తేడా. అదే ఐవరీ నంబరు, కానీ పాత గ్లాసులో ఉన్న పచ్చ జీర కొత్తదాంట్లో లేదు. మధ్యలో కిటికీ ఉంది కాబట్టి చుట్టాలు కనిపెట్టరు. నాకు రోజూ కనిపిస్తుంది.

తుడిస్తే చాలు అన్నానే, అది స్టవ్ వైపు మాట. సింకు వైపు మా బోరు నీళ్లకి తెల్ల చుక్కలు పడతాయి, వారానికోసారైనా వెనిగర్ పట్టాలి. పై అరల కింద ఎల్ఈడీ పట్టీ పెట్టిస్తే దాని చుక్కలన్నీ గ్లాసులో వరసగా కనిపిస్తాయి. గట్టు మీద గిన్నెలు సర్దకపోతే ఆ చిందరవందర రెండింతలు అవుతుంది.

అయినా స్టవ్ గోడకి మళ్లీ గ్లాసే వేయిస్తాను. మాది సొంతిల్లు, పైగా వంట నేనే చేస్తాను, ఎక్కడ డ్రిల్లు పెట్టకూడదో నాకు తెలుసు. టైల్స్‌కయ్యేదానికి రెట్టింపు దాటింది మరి, అదీ చూసుకోవాలి. అద్దెకిచ్చే పై పోర్షన్‌కి మాత్రం రెండు బై నాలుగడుగుల విట్రిఫైడ్ టైల్స్ చెప్పాం. గట్టుకీ పై అరలకీ మధ్య రెండడుగులే కాబట్టి అడ్డంగా పెడితే నాలుగడుగులకో జాయింటు వస్తుంది. ఎవరైనా డ్రిల్లు పెట్టినా పోతే ఒక్క టైలే పోతుంది.